మిరపకాయ ఓడ ఎక్కాలంటే



మాఘ, ఫాల్గుణ మాసాల్లో గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు ఎప్పుడైనా వెళ్లారా? రోడ్డు పక్కన ఎక్కడ చూసినా కల్లాలే. కల్లం నిండా ఎర్రగా ఎండుతున్న మిరపకాయలే. గాలి ఇటు తిరిగిందంటే బస్సులో ఉన్నవాళ్లందరికీ ఒకటే తుమ్ములు! ఆ కాయలు టిక్కీలకెక్కి గుంటూరు మిరప యార్డుకు చేరతాయి. అక్కడ నుంచి కొన్ని మన వంటింటికి వస్తాయి. కొన్ని ఓడలెక్కి చైనా, థాయిలాండ్, శ్రీలంక, అమెరికా, ఐరోపా దేశాలకు పోతాయి.

మా బళ్లో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు ఒకరోజు బడి వదిలాక కూడా ఇంటికి పోకుండా నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"మాస్టారూ, మా కాయలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. తాలుకాయ ఒక్కటి లేకుండా మా అమ్మ ఏరింది. విదేశాలకు పంపే వ్యాపారి కొంటానని చెప్పి, ముందు గుప్పెడు కాయలు పరీక్షకు పట్టుకుపోయాడు. పరీక్షలో తప్పాయట. ఇక ధర తగ్గించి ఇంకెవరికో అమ్ముకోవలసి వచ్చింది. అంత బాగున్న కాయలు ఎట్లా తప్పుతాయి మాస్టారూ?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. పరీక్షలో తప్పడం అంటే ఏమిటో వాడికి బాగా తెలుసు గనుక ఆ బాధ కూడా వాడికి అర్థమయింది! దీనికి జవాబు చెప్పాలంటే మనం ముందు ఇంగ్లండు వెళ్లి, అక్కడ నుంచి రాజస్థాన్ మీదుగా మళ్లీ మన కల్లానికి రావాలి. పదండి.

లక్ష కోళ్ల చావు

1960లో ఇంగ్లండులో టర్కీ కోడిపిల్లలు కుప్పలుతెప్పలుగా చచ్చిపోసాగాయి. కొద్ది నెలల్లోనే లక్షకు పైగా చనిపోయాయి. ఏ రోగమో ఎవరికీ తెలియలేదు. సూక్ష్మజీవుల కోసం వెదికారు, దొరకలేదు. చివరకు వాటి మేత మీద అనుమానం వచ్చింది. ఆ మేతలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క ఉంది. ఆ చెక్కకు ఒక బూజు పట్టి ఉంది. ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది తయారుచేసే విషమే కోళ్లను చంపిందని తేలింది. 'ఆస్పర్జిల్లస్'లోని మొదటి అక్షరాన్నీ, 'ఫ్లేవస్'లోని మొదటి భాగాన్నీ తీసుకుని, విషం అనే అర్థమున్న 'టాక్సిన్' అనే మాటను చివర చేర్చి శాస్త్రజ్ఞులు దానికి 'ఆఫ్లాటాక్సిన్' అని పేరు పెట్టారు.

కోళ్ల సంగతి సరే, మనుషుల మాటేమిటి? 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలోని కొన్ని గిరిజన గ్రామాల్లో ప్రజలకు ఉన్నట్టుండి కామెర్లు వచ్చాయి, పొట్టలు ఉబ్బాయి. ఆ ఇళ్లలోని కుక్కలకు కూడా అదే జబ్బు! మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడికి వెళ్లి పరిశోధించారు. అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను ఆ పేదలు వేరే తిండి లేక తిన్నారు. వారు లెక్కకెత్తిన 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు. మనుషులూ కుక్కలూ తిన్నది ఒకే గింజ గనుక, జబ్బు కూడా ఇద్దరికీ వచ్చింది.

ఎక్కువ మోతాదులో తింటే ఇలా వెంటనే ప్రాణం మీదికి వస్తుంది. కొద్దికొద్దిగా చాలాకాలం తింటే ఏమవుతుంది? మన కాలేయం ఈ విషాన్ని విరగ్గొట్టబోయి మరింత చురుకైన పదార్థంగా మార్చుతుంది. అది కణాల్లోని డి.ఎన్.ఏ.కు అతుక్కుంటుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే కాలేయ క్యాన్సర్ రావచ్చు. మామూలు వంట వేడికి ఈ విషం పోదు. కనుక "పులుసులో ఉడుకుతుందిలే, వేపుడులో మాడుతుందిలే" అనుకోవడానికి వీల్లేదు.

హద్దు ఎంత?

ఐరోపా సమాఖ్య దేశాలు ఎండుమిరపకు ఒక హద్దు పెట్టాయి. కిలో మిరపలో అన్ని రకాల ఆఫ్లాటాక్సిన్లూ కలిపి 10 మైక్రోగ్రాములకు మించకూడదు. అందులో అన్నిటికన్నా ప్రమాదకరమైన 'బి1' రకం 5 మైక్రోగ్రాములకు మించకూడదు. అమెరికాలో మొత్తం హద్దు 20 మైక్రోగ్రాములు. అంటే కిలోకు 15 మైక్రోగ్రాములు ఉన్న సరుకు అమెరికాలో దిగగలదు, ఐరోపాలో దిగలేదు!

మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు. కిలోకు 10 మైక్రోగ్రాములంటే ఎంతో లెక్క వేద్దాం. ఒక గ్రాములో 10 లక్షల మైక్రోగ్రాములు. కిలోకు 10 చొప్పున పంచితే, ఒక గ్రాము విషం లక్ష కిలోలకు సరిపోతుంది. లక్ష కిలోలంటే 100 టన్నులు. ఒక టిక్కీలో దాదాపు 40 కిలోల కాయలు పడతాయనుకుంటే, 2,500 టిక్కీలు! వాటన్నిటిలో కలిపి ఒక్క గ్రాము. అంతకు మించి ఉంటే సరుకు తప్పినట్లే.

ఇప్పుడు మన కుర్రవాడి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ఇంత తక్కువ పదార్థం కంటికి కనబడదు, ముక్కుకు తగలదు, నాలుకకు తెలియదు. పైగా ఈ బూజు చాలాసార్లు కాయ లోపల, గింజల చుట్టూ పెరుగుతుంది. పైన తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది. చేటలో పోసి ఏరే అమ్మ కళ్లు ఎంత చురుకైనవైనా, మూసి ఉన్న కాయ లోపలికి చూడలేవు గదా!

ధ్రువపత్రం ఎలా వస్తుంది?

విదేశాలకు సుగంధద్రవ్యాలు పంపే వ్యాపారి మొదట మన దేశపు సుగంధద్రవ్యాల బోర్డులో ఎగుమతిదారుగా నమోదు కావాలి. ఈ బోర్డు 1987లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉంది. గుంటూరులోనే దానికి ఒక పరీక్షాశాల ఉంది.

వ్యాపారి కాయలకు తొడిమలు తీయించి, తాలు ఏరించి, సంచులకెత్తి, ఆ సరుకు మొత్తానికి ఒక గుర్తు సంఖ్య వేస్తాడు. అప్పుడు దాని నుంచి నమూనా తీస్తారు. నమూనాను మూసి సీలు వేసి పరీక్షాశాలకు పంపుతారు. సరుకు హద్దుల్లోపల ఉందని తేలితే, ఐరోపాకు వెళ్లే సరుకుకు అధికారిక ఆరోగ్య ధ్రువపత్రం ఇస్తారు. పురుగులు, తెగుళ్లు లేవని మొక్కల సంరక్షణ అధికారులు ఇచ్చే మరో పత్రాన్ని కూడా చాలా దేశాలు అడుగుతాయి. ఇవన్నీ ఉంటేనే సరుకు ఓడ ఎక్కుతుంది.

అంతటితో అయిపోయిందా? లేదు. అక్కడి రేవులో వాళ్లు మళ్లీ నమూనా తీసి పరీక్షించవచ్చు. తప్పితే సరుకును తిప్పి పంపుతారు, లేదా నాశనం చేస్తారు. ఆ కబురు ఐరోపా దేశాలన్నిటికీ వెంటనే చేరిపోతుంది. దీనికోసం వారు 1979 నుంచి ఒక హెచ్చరిక వ్యవస్థను నడుపుతున్నారు.

ఒకరి తప్పు అందరి మీద ఎలా పడుతుందో చూడండి. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో 'సుడాన్ 1' అనే రంగు ఉన్నట్లు ఫ్రాన్స్‌లో కనుగొన్నారు. అది నూనెలకు, మైనాలకు వాడే రంగు. తినదగినది కాదు. కారం ఎర్రగా కనబడాలని ఎవరో కలిపారు. ఆ ఏడాదే ఐరోపా సమాఖ్య మిరప సరుకుకు ఆ రంగు లేదని పరీక్షపత్రం ఉండాలన్నది. కల్తీ చేసినవారు కొందరే, కాని పరీక్ష ఖర్చూ అనుమానపు చూపూ మాత్రం నిజాయితీగా పండించినవారికి కూడా తప్పలేదు.

గుప్పెడు కాయలు ఎంత నిజం చెబుతాయి?

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేయండి. పళ్లెంలో కిలో బియ్యం పోయండి. ఒక మూల పది కందిగింజలు గుచ్చి, పైన బియ్యం కప్పండి. మీ తమ్మునో చెల్లెలినో పిలిచి, కళ్లు మూసుకుని ఒక చెంచాడు బియ్యం తీయమనండి. కందిగింజ వచ్చిందా? చాలాసార్లు రాదు. ఒకవేళ ఆ మూలలోనే చెంచా పడితే అన్నీ అందులోకే వస్తాయి! మొదటి చెంచా చూసినవారు "ఇందులో కందులే లేవు" అంటారు. రెండో చెంచా చూసినవారు "ఇందులో కందులు బోలెడు ఉన్నాయి" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, కాని ఇద్దరిదీ తప్పే.

ఇప్పుడు పళ్లెంలో ఇరవై చోట్ల నుంచి చిటికెడు చిటికెడు తీసి, కలిపి లెక్కపెట్టండి. నిజానికి కొంత దగ్గరకు వస్తారు.

ఆఫ్లాటాక్సిన్ కూడా ఆ కందిగింజల లాంటిదే. అది సరుకంతటా సమానంగా పరచుకుని ఉండదు. వేలకాయల్లో ఏ కొన్నింటిలోనో పోగుపడి ఉంటుంది. అందుకే ఐరోపా నియమాల ప్రకారం పెద్ద సరుకైతే వందచోట్ల నుంచి కొద్దికొద్దిగా నమూనా తీస్తారు. దాన్నంతా కలిపి మెత్తగా దంచుతారు. దంచితేగాని ఒక కాయలోని విషం పొడి అంతటా సమంగా కలవదు. వ్యాపారి పట్టుకుపోయిన గుప్పెడు కాయలు ఆ కుర్రవాడి కల్లం మొత్తానికీ సరైన సాక్ష్యం కావు. అయితే అవి తప్పు సాక్ష్యమని కూడా చెప్పలేం. శాస్త్రంలో కొలత ఎంత ముఖ్యమో, కొలవడానికి తీసుకున్న ముక్క కూడా అంతే ముఖ్యం. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నీలం, ఆకుపచ్చ

దంచిన పొడిని మిథనాల్, నీరు కలిపిన ద్రావణంలో కలియబెడితే విషం ద్రావణంలోకి దిగుతుంది. ఆ ద్రావణాన్ని వడకట్టి ఒక సన్నని గొట్టంలోంచి పంపుతారు. ఆ గొట్టంలో ఆఫ్లాటాక్సిన్‌ను మాత్రమే పట్టుకునే ప్రతిదేహాలు ఉంటాయి. మన ఒంట్లో రోగక్రిములను పట్టుకునేవి కూడా ప్రతిదేహాలే గదా! మిరప రంగు, కారం, నూనె కిందికి జారిపోతాయి. విషం ఒక్కటే గొట్టంలో మిగులుతుంది. దాన్ని కడిగి దించి, కొలిచే యంత్రంలోకి పంపుతారు.

యంత్రం దాన్ని ఎలా గుర్తుపడుతుంది? కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు పడినప్పుడు ఆఫ్లాటాక్సిన్ వెలుగుతుంది. కొన్ని రకాలు నీలంగా, కొన్ని ఆకుపచ్చగా. ఇంగ్లీషులో ఆ రంగుల పేర్ల మొదటి అక్షరాలను బట్టే వాటికి బి1, బి2 అనీ, జి1, జి2 అనీ పేర్లు వచ్చాయి. వెలుగు ఎంత ఎక్కువైతే విషం అంత ఎక్కువ. ఈ వెలుగును యంత్రం కొలిచి, కిలోకు ఇన్ని మైక్రోగ్రాములని అంకె చెబుతుంది. ఇంట్లో నోట్లను చూసే నీలి దీపంతో కాయలను పరీక్షించబోకండి. మెరిసేవన్నీ విషం కావు, విషమున్నవన్నీ అలా కంటికి మెరవవు.

అసలు పరీక్ష కల్లంలోనే

జ్వరం చూసే ధర్మామీటరు జ్వరాన్ని తగ్గిస్తుందా? తగ్గించదు. ఎంత ఉందో చెబుతుంది, అంతే. పరీక్షాశాల కూడా అంతే. అక్కడికి చేరేలోపే కాయ మంచిదో చెడ్డదో తేలిపోయి ఉంటుంది. మరి తేలేది ఎక్కడ? కల్లంలో.

ఈ బూజు సిద్ధబీజాలు మట్టిలో ఎప్పుడూ ఉంటాయి. వాటికి కావలసినవి మూడు: తిండి, వెచ్చదనం, తేమ. తిండి కాయే. 25 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం మన వాతావరణమే ఇస్తుంది. ఈ రెండింటినీ మనం ఆపలేం. మన చేతిలో ఉన్నది మూడోది, తేమ.

పండుకాయ కోసినప్పుడు దానిలో నూటికి 70 పాళ్లకు పైగా నీరే. దాన్ని 10, 11 పాళ్లకు దించాలి. అంత ఎండితే బూజు పెరగలేదు. వట్టినేల మీద ఆరబోస్తే కింది మట్టి నుంచి చెమ్మ, మట్టిలోని సిద్ధబీజాలు రెండూ కాయకు చేరతాయి. రాత్రి కప్పకుండా వదిలేస్తే పగలు పోయిన తేమలో కొంత మంచు రూపంలో తిరిగి వస్తుంది. పట్టాల మీద గాని, సిమెంటు కల్లం మీద గాని ఆరబోసి, సాయంత్రం పోగుచేసి కప్పి, ఎండెక్కాక మళ్లీ నెరపాలి. పురుగు తొలిచిన కాయలను మొదటే వేరుచేయాలి. ఆ రంధ్రమే బూజుకు వాకిలి.

ఇంత కష్టపడి ఎండబెట్టాక ఇంకో ముప్పు ఉంది. బాగా ఎండిన కాయ టిక్కీకి తొక్కేటప్పుడు పెళపెళ విరుగుతుంది. విరగకుండా ఉండాలని దాని మీద నీళ్లు చల్లే అలవాటు కొన్నిచోట్ల ఉంది. బరువు కూడా కలిసివస్తుంది. ఎంత కలిసివస్తుందో లెక్క వేయండి. నూటికి 10 పాళ్ల తేమ ఉన్న 40 కిలోల కాయల్లో 4 కిలోలు నీరు, 36 కిలోలు పొడి పదార్థం. నీళ్లు చల్లి తేమను 15 పాళ్లకు పెంచితే ఆ 36 కిలోలే మొత్తంలో నూటికి 85 పాళ్లవుతాయి. అప్పుడు మొత్తం బరువు 42 కిలోల 350 గ్రాములు. అంటే టిక్కీకి రెండు లీటర్ల పైచిలుకు నీళ్లు మిరప ధరకు అమ్ముడుపోతాయి! ఆ రెండు లీటర్లే మూతిబిగించిన టిక్కీలో బూజుకు విందు. రోజుల తరబడి ఎండలో చేసిన కష్టాన్ని రెండు చెంబుల నీళ్లు చెరిపేస్తాయి.

కుర్రవాడిని అడిగాను, "మీ కాయలకు ఏమి జరిగింది?" అని. కాస్త ఆలోచించి చెప్పాడు. కోత మధ్యలో ఒక రాత్రి వాన పడింది. ఉన్న ఒక్క పట్టా సగం కల్లానికే వచ్చింది. మిగతా సగం తడిసింది. మర్నాడు ఎండ కాసింది, కాయలు మళ్లీ ఎర్రగా ఎండాయి. వానను అందరూ మరిచిపోయారు. బూజు మాత్రం మరిచిపోలేదు! తడిసిన సగాన్ని విడిగా ఉంచి ఉంటే, తక్కిన సగమైనా పరీక్షలో నెగ్గేదేమో. రెండూ ఒకే పోగులో కలిశాయి.

వాడి రెండో ప్రశ్న

జవాబు విని వాడు తలూపాడు. పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"మరి, అక్కడివాళ్లు వద్దన్న కాయలు ఎవరు తిన్నారు మాస్టారూ?"

పిల్లలూ, నేను ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రశ్నకు నా దగ్గర పాఠం లేదు. ఆ టిక్కీలు ఎక్కడికి వెళ్లాయో వాడికి తెలియదు, నాకూ తెలియదు. మన దేశంలోనూ 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. ఆఫ్లాటాక్సిన్‌కు ఇక్కడా హద్దులున్నాయి. అయితే ఓడ ఎక్కే సరుకును పట్టి చూసినట్లు మన వీధి కొట్లో కారాన్ని పట్టి చూస్తున్నామా? కాలేయానికి దేశం ఉండదు. లండనులోని పిల్లవాడి కాలేయమూ, మన ఊరి పిల్లవాడి కాలేయమూ ఒకటే. ధ్రువపత్రం కోసం మంచి కాయ పండించడం మంచిదే. మన కంచం కోసం కూడా అంతే శ్రద్ధగా పండించడం, అడిగి కొనడం అంతకన్నా మంచిది.

మీ ఇంట్లో చేయదగినవి కొన్ని చెబుతాను. కాయను చెవి దగ్గర ఊపి చూడండి. గింజలు గలగలమంటే బాగా ఎండిందని ఒక గుర్తు. కొన్న కాయల్లో నాలుగింటిని విరిచి లోపల చూడండి. బూజు కనబడితే గిల్లి పారేసి మిగతాది వాడుకోకుండా ఆ కాయను పూర్తిగా పారేయండి. కారం సీసాలో తడి చెంచా పెట్టనీయకండి. చెమ్మ గోడను ఆనించి టిక్కీలు, సంచులు పెట్టనీయకండి.

ఇంతకీ ఆ కుర్రవాడి సంగతి చెప్పలేదు గదా! తరువాతి ఏడు వాళ్ల నాన్న ఇంకో రెండు పట్టాలు కొన్నాడు. కుర్రవాడు ఒక నోటుపుస్తకంలో ఏ రోజు కోసినవి ఏ పోగులో ఉన్నాయో, ఏ రాత్రి కప్పారో, ఏ రోజు మబ్బు పట్టిందో రాస్తూ వచ్చాడు. ఆ పుస్తకం నాకు చూపించాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, అక్కడక్కడ కారపు వేలిముద్రలు కూడా ఉన్నాయి. కాని నేను చూసిన సైన్సు రికార్డుల్లో అంత నిజమైనది మరొకటి లేదు.

మీరు ఆలోచించండి

1. కిలోకు 5 మైక్రోగ్రాముల చొప్పున లెక్కిస్తే, ఒక గ్రాము బి1 విషం ఎన్ని టన్నుల మిరపకు సరిపోతుంది?

2. నూటికి 12 పాళ్ల తేమ ఉన్న 50 కిలోల కాయలను 10 పాళ్లకు ఎండబెడితే బరువు ఎంత తగ్గుతుంది? ఆ నష్టాన్ని రైతు ఒక్కడే భరించాలా? ధర నిర్ణయించేటప్పుడు తేమను కూడా కొలిస్తే ఎలా ఉంటుంది?

3. బియ్యం, కందిగింజల ప్రయోగాన్ని పదిసార్లు చేసి, ప్రతిసారీ ఎన్ని గింజలు వచ్చాయో పట్టిక రాయండి. ఒక్కసారి తీసిన చెంచాను నమ్మవచ్చా? మీ తరగతిలో చర్చించండి.